కొత్త మిషన్‌లో ఏం కావాలె?

చిలకలగూడలో ఓ సందు చివర, మొదటి అంతస్తులో, రాఘవేందర్ కంప్యూటర్ల కంపెనీ ఉంది. కంపెనీ అన్నానని పెద్దగా ఊహించుకునేరు. రెండు గదులు, గుప్పెడు మనుషులు, ఎప్పుడూ ఏదో ఒకటి విప్పి పడేసి ఉండే పొడుగాటి బల్ల, అంతే. లాప్‌టాప్‌లు తయారుచేసి, వాటిలో విండోస్ బదులు లైనక్స్ వేసి, మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చేసి అమ్ముతారు. కొన్నవాళ్ళు కొని ఊరుకుంటారా అంటే ఊరుకోరు, చుట్టాలైపోతారు. బోనాలకు భోజనానికి పిలుస్తారు, మామిడికాయ తొక్కు పచ్చడి పంపుతారు.

ఏటా ఒక రోజు వాళ్ళందరినీ పిలిచి, చాయ్ పోసి, ఉస్మానియా బిస్కెట్లు పెట్టి, "కొత్త మిషన్‌ల ఏం కావాలె?" అని అడగడం రాఘవేందర్ పెట్టిన ఆనవాయితీ. ఎవరి మిషన్ వాళ్ళు చంకలో పెట్టుకుని వస్తారు. ఒకరిది ఒకరికి చూపించుకుని, పసిపిల్లల తల్లుల్లా మురిసిపోతారు.

ఈసారి ఆ చాయ్, కంపెనీలో మిషన్లకు డిజైన్ గీసే హిమజకు ప్రాణం మీదికొచ్చింది. వాళ్ళందరి దగ్గరా ఉన్న మోడల్ ఆమె గీసిందే, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిది. రాబోయేదీ ఆమెదే. లోపలి సరంజామా అంతా కొత్తది. పై డొప్ప, మూత తెరిచే కీళ్ళు మాత్రం పాతవే ఉంచింది. వాటి మీద ఇన్నాళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు కదా, బాగున్నదాన్ని కెలకడం ఎందుకనుకుంది. ఆ సాయంత్రం ఆరింటికల్లా 'ఆగండి' అనకపోతే ఫ్యాక్టరీవాళ్ళు పని మొదలుపెడతారు. ఆ తరువాత ఏదైనా తప్పు బయటపడిందా, ఈ చిన్న కంపెనీ మళ్ళీ లేవదు.

జనం వచ్చారు. ఒక్కరి చంకలో ఒక్క మిషన్ లేదు.

"అంకుల్, మీ మిషనేది?" అని హిమజ డేవిడ్ రాజును అడిగింది. లాలాగూడ చర్చిలో కీబోర్డు వాయించే ఆయన ఆ లాప్‌టాప్ లేనిదే బజారుకు కూడా పోడు.

"వానొస్తదేమో అని తేలేదమ్మా," అన్నాడాయన. బయట ఎండ మాడ్చేస్తోంది.

ట్యూషన్లు చెప్పే నాగజ్యోతి ఛార్జింగ్‌లో పెట్టి మరిచిపోయానంది. ఇంట్లో కూర్చుని పెళ్ళి పత్రికలు టైపు చేసే శ్యామలమ్మ అయితే ఏకంగా "దానికి జెర రెస్టు ఇచ్చిన బిడ్డా" అనేసింది.

కోరికలకు మాత్రం కరువు లేదు. నాగజ్యోతికి మామిడిపండు రంగు మూత కావాలి. డేవిడ్ రాజుకు చర్చి హాలంతా వినబడే స్పీకరు కావాలి. శ్యామలమ్మకు మీటల మీద అక్షరాలు ఇంకాస్త లావుగా ఉండాలి. అన్నీ విని రాఘవేందర్, "మరి ఇప్పుడున్న దాంట్ల ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?" అన్నాడు.

"ఏం లేదు! మస్తున్నది!" అన్నారందరూ ఒక్కసారే. అని, ఎవరి చాయ్ కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు.

అయిపోయింది, వీళ్ళంతా వేరే కంపెనీ మిషన్లు కొనేసుకున్నారు, మొహమాటానికి వచ్చి బిస్కెట్లు తింటున్నారు అనుకుంది హిమజ. అంత ప్రేమగా తొక్కు పంపించి ఇదా చేసేది అని ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. చాయ్ అయిపోయి అందరూ వెళ్ళాక ఆఫీసులో నిలవలేక, చెప్పులేసుకుని సరాసరి శ్యామలమ్మ ఇంటికి నడిచింది.

శ్యామలమ్మ తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇల్లు సర్దలేదు బిడ్డా, గీడనే కూసుందాం."

"నీళ్ళు కావాలె అమ్మా," అని హిమజ ఆమె చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పోయింది.

కిటికీ పక్కన బల్ల మీద ఉన్నది ఏ కంపెనీదో కాదు, తన మిషనే. తెర మీద సగం టైపు చేసిన పెళ్ళి పత్రిక. మూత మాత్రం తనంత తాను నిలబడి లేదు. వెనక కందిపప్పు డబ్బా ఆసరా పెట్టారు. కీలు విరిగిన చోట ఆసుపత్రిలో కట్టు కట్టినట్టు తెల్ల టేపు చుట్టారు.

"ఎప్పుడు ఇరిగిందమ్మా?"

"ఇరగలే. జెర వదులైంది."

"అమ్మా!"

"పోయినేడు చాయ్ అయినంకనే ఇరిగింది," అంది శ్యామలమ్మ, తనే విరగ్గొట్టినట్టు తల దించుకుని.

"మరి చెప్పలేదేందమ్మా?"

"ఏమని చెప్పాలె? నీ మొదటి మిషనని రాఘవేందర్ ఇల్లిల్లూ తిరిగి లడ్డూలు పంచె. మనింటి పిల్ల మొదటిసారి కూర వండితే ఉప్పెక్కువైందని నలుగుట్ల అంటమా? డేవిడ్ రాజుది సుత ఇరిగింది, హార్మోనియం పెట్టెకు ఆనిచ్చుకుంటడు. నాగజ్యోతిది గూడ గంతే. తీస్కపోతే పిల్ల చూస్తది, పరేషానైతది, తేవద్దని అందరం మాట్లాడుకున్నం."

హిమజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీరెవ్వరు ఏమనలేదనే కొత్తదానికి గూడ గిదే కీలు పెట్టిన అమ్మా. ఇంకా జెరసేపైతే ఫ్యాక్టరీల పని షురూ అయితది."

"అయ్యో, నా బుద్ధి కాలిపోను!" శ్యామలమ్మ నెత్తి కొట్టుకుంది. "జల్ది ఫోన్ చెయ్యి, చూస్తవేంది!"

హిమజ రాఘవేందర్‌కు ఫోన్ చేసింది. "సార్, ఫ్యాక్టరీ వాళ్ళను ఆపుండ్రి. మూత కీళ్ళు ఇరుగుతున్నయి. అందరియి."

అటువైపు ఆయన గది తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

"నాది సుత ఇరిగింది హిమజా," అన్నాడు గొంతు తగ్గించి. "నేనే యాడనో కింద పడేసిన అనుకున్న. నీకు చెప్తే బాధపడ్తవని..."

"మీకేమన్న దిమాక్ ఉన్నదా సార్?"

"లేదు. ఇప్పుడే ఆపుతున్న," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

యజమానిని అంత మాట అన్నందుకు హిమజ నాలుక కరుచుకుంది. బల్ల పక్కనే చతికిలబడింది. "ఇంకా ఏమేం బాలేవో చెప్పుండ్రి అమ్మా. ఏం దాచకుండ్రి. మీరు తిట్టకపోతే నాకెట్ల తెలుస్తది?"

శ్యామలమ్మ మొదట నసిగింది. "ఫ్యానొకటి... జెర మోగుతది." హిమజ తలూపింది. ఆ తలూపడంతో ఆమెకు ధైర్యం వచ్చేసింది. "జెర ఏంది, మిక్సీ పెట్టినట్టే మోగుతది! ఛార్జర్ తీగ గింత పొట్టిగనా, కుక్కను కట్టేసినట్టు గోడ కాడనే కూసోవాలె నేను. ఆ బ్యాటరీ సంగతైతే తియ్యనే వద్దు, కరెంటు పోతే నాకంటే ముందు అది పంటది. ఇగ ఆ మీటలు..."

ఒక్కొక్కటే విన్నది హిమజ. అవునమ్మా అంది, తప్పేనమ్మా అంది, కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళ పొగడ్తల్లో దొరకని హాయి ఆ తిట్లలో దొరికింది. అంతా అయిపోయి ముసలమ్మ ఊపిరి పీల్చుకున్నాక మెల్లగా అడిగింది.

"ఇన్ని వంకలున్నయి గదమ్మా. మరి వేరే కంపెనీది కొనుక్కోలేదెందుకు?"

శ్యామలమ్మ ఆమె వంక వింతగా చూసింది.

"ఎందుకు కొంట? నువ్వు బాగ జేస్తవ్ గదా," అని పప్పు డబ్బా పక్కకు జరిపి, మిషన్‌ను రెండు చేతులతో తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.