గుడ్డ కింద చెయ్యి

గౌరి గిటార్ మీద పాట ముగించి తలెత్తేసరికి చంద్రమౌళి మాస్టారు ఆమెని కాదు, కాగితాన్ని చూస్తున్నారు.

"బాగానే వాయించినావు. కానీ ఇందులో ఉన్నాది అది కాదు."

రాజాం బజారులో ఆయనకి బట్టల కొట్టు. సాయంత్రాలు మేడ మీద గదిలో గిటార్ నేర్పుతారు. ఐదు గీతల మీద చుక్కలున్న కాగితం ముందు పెట్టి, తాను ఒకసారి వాయిస్తారు. తర్వాత గౌరి దాన్ని చూసి వాయించాలి. ఆమె చూసేది, అంతే. చెవి విన్నదాన్ని వేళ్లు పట్టేసేవి.

"రెండో వరసలో ఈ సుక్కని పొద్దున్న పెన్నుతో కిందకి దింపినాను. ఇందాక నాను కావాలనే పాతదే వాయించినాను, నువ్వూ అదే వాయించీసినావు. ఎన్నాళ్లనుంచి ఇలగ?"

గౌరి కాగితం మీదికి వంగి ఆ చుక్కని చూసింది. "మొదట్నుంచీ, మాస్టారూ."

"డిగ్రీ సదివినావు, ఐదు గీతలు సదవలేవేటే?"

నెలాఖరుకి విశాఖపట్నంలో గిటార్ పరీక్ష. అక్కడ ఎవరూ ముందు వాయించి వినిపించరు. ఎన్నడూ చూడని కాగితం చేతికిస్తారు. పాసైతేనే ఇప్పుడు తాత్కాలికంగా పనిచేస్తున్న బడిలో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం ఖాయమని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పారు. లేకపోతే దసరా సెలవుల తర్వాత రానక్కర్లేదు. నాన్న అప్పుడే పొలం గట్టు మీద కనిపించిన ప్రతివాడికీ "మా పాప టీచరమ్మ" అని చెప్పుకుంటున్నాడు.

"సుక్కల పేర్లు తెలుసు మాస్టారూ. కాగితం సూస్తే సెయ్యి ఎక్కడుందో తెలీదు. సెయ్యి సూస్తే కాగితంలో సోటు తప్పిపోతన్నాను."

మాస్టారు కిందికెళ్లి ఒక జాకెట్టు గుడ్డ తెచ్చారు. ఒక అంచు ఆమె మెడకి, రెండోది గిటార్ చివరకి కట్టారు. ఎడమ చెయ్యి గుడ్డ కింద మాయమైంది.

"సెలూన్లో కూకున్నట్టుంది," అంది గౌరి.

"అలగే కూకో. తల దించితే సెవి తెగుద్ది."

ఆ తర్వాత ఆయన ముందుగా వాయించడం మానేశారు. గుడ్డ కింద వేళ్లు చీకట్లో గోడ తడుముకున్నట్టు తీగల మీద తడుముకునేవి. ఇంటికెళ్లాక అన్నం కలుపుతున్నా గౌరి ఎడమ చేతి వేళ్లు కంచం అంచు మీద తీగలు వెతుక్కునేవి.

పరీక్ష రేపనగా ఆయన చేత్తో రాసిన కాగితం ఒకటి ఇచ్చారు.

"ఇది నాను కట్టిన బాణీ. ఫోన్లో ఎతక్కు, దొరకదు." గుడ్డ కట్టి, బేరం వచ్చిందని కొట్లోకి దిగిపోయారు.

గౌరి మొదలుపెట్టింది. ఒక స్వరం, ఇంకొకటి. తప్పో ఒప్పో చెప్పడానికి చెవిలో ఏ పాటా లేదు. చెమటకి వేళ్లు జారుతున్నాయి. అంతలో కింద నుంచి కూనిరాగం వినిపించింది. గుడ్డ కొలుస్తూనే మాస్టారు అదే బాణీ పాడుతున్నారు. ఆమె వాయించిన స్వరం మీదే ఆయన గొంతు వచ్చి వాలుతోంది. గౌరికి ఊపిరాడింది.

చివరి వరసకి వచ్చేసరికి కూనిరాగం ఆగిపోయింది.

తాను తప్పిందా? బేరగాళ్లు ఏదైనా అడిగారా? మెట్ల వైపు చెవి పెట్టింది. ఏమీ వినబడలేదు. చెయ్యి చూసుకోవాలని మెడ వంగబోయింది. గుడ్డ బిగిసింది.

రేపు పరీక్ష గది కింద కూడా పాడేవాళ్లెవరూ ఉండరు.

ఆమె కాగితం మీద తర్వాతి చుక్కని చూసింది. వేలు దాని చోటుకి వెళ్లిందో లేదో తెలియకుండానే తీగ మీటింది. ఆ తర్వాతి చుక్కనీ చూసింది.