జల్లెడ అక్క

తమ్ముడి అకౌంటు ఆగిపోయిన రోజున కూడా ఆమె ఎప్పటిలాగే కళ్ళజోడు తుడుచుకుని, కంప్యూటరులో మొదటి అలర్టు తెరిచింది.

బ్యాంకు వెనకవైపు కిటికీ లేని గదిలో ఆమె పని. ఎవరి ఖాతాలోనైనా వాళ్ళ సంపాదనకు పొంతన లేని డబ్బు వచ్చి, వచ్చినట్టే వెళ్ళిపోతే తెర మీద ఎర్ర గీత పడుతుంది. అది స్థలం అమ్మిన సొమ్మా, ఎవరినో ముంచిన సొమ్మా అని ఆరా తీయాలి. అనుమానం తీరితే మూసేయాలి, తీరకపోతే పైకి పంపాలి. జుట్టు నెరిసేదాకా ఇదే పని చేసింది కనుక ఆఫీసులో ఆమె పేరు జల్లెడ అక్క. చిల్లులు పెద్దవవుతున్నాయేమో చూసుకోమని పక్క సీటు గుమాస్తా ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటుంది.

ఆ గదిలో అందరికీ కంఠతా వచ్చిన నియమం ఒకటుంది. ఎవరి మీద అనుమానం పైకి వెళ్ళిందో, ఆ మనిషికి ఆ సంగతి తెలియనివ్వకూడదు. తెలియనిస్తే ఉద్యోగం పోతుంది, జైలుశిక్ష కూడా పడవచ్చు.

తమ్ముడిది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. చలికాలంలో అతని ఖాతా మీద మొదటిసారి ఎర్ర గీత పడింది. బంధువుల ఖాతా అయితే ఇంకొకరికి అప్పగించాలి. ఆమె అప్పగించలేదు. చిన్న మొత్తమే కదా అని ‘తెలిసిన వ్యక్తి’ అని రాసి మూసేసింది. తమ్ముణ్ణి అడగనూ లేదు, చిన్నబుచ్చుకుంటాడని. పోయిన వారం పడిన గీత చిన్నది కాదు. ఈసారి మేనేజరు దగ్గరకు వెళ్ళి ఫలానా మనిషి నా తమ్ముడని చెప్పి, ఫైలు వదులుకుంది. ఆదివారం తమ్ముడింట్లో అతను కొసరి కొసరి వడ్డిస్తుంటే తలెత్తకుండా తింది.

అకౌంటు ఆపేసిన రోజు మధ్యాహ్నం అతనే బ్యాంకుకు వచ్చాడు. ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. గ్రీజు ఇంకిన వేళ్ళు నులుముకుంటూ సంగతంతా చెప్పుకొచ్చాడు. కొట్టుకు వచ్చే ఒకాయన, తన ఖాతాలో ఏదో చిక్కుంది, నీ దాంట్లో వేయించుకుంటాను, తీసి ఇవ్వమన్నాడట. వచ్చినప్పుడల్లా కొంత చేతిలో పెట్టేవాడట. మొన్నటినుంచి ఆయన ఫోను మోగడం లేదు. పొద్దున పోలీసులు ఫోను చేశారు. ఎవరో ముసలాయన ఇల్లు అమ్మిన సొమ్ము ఇతని ఖాతాలోంచే పోయిందట. రేపు స్టేషనుకు రమ్మన్నారు.

"సాయం చేస్తున్నాననే అనుకున్నానక్కా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు."

ఆమె క్యారేజీ విప్పి అతని వైపు జరిపింది. అతను ముట్టుకోలేదు.

"నీకు ముందే తెలుసా?"

ఆమె నోరు తెరిచింది. వెనక గాజు తలుపు తోసుకుని ఎవరో దిగి వెళ్ళారు.

"బ్రాంచిలో అడగరా. వాళ్ళు చెబుతారు."

చిన్నప్పటినుంచీ అబద్ధమాడితే ఆమె చెవులు ఎర్రబడతాయి. అతను ఆ చెవుల వైపే చూశాడు.

"కొంచెం తిని వెళ్ళు."

"కడుపు నిండిపోయిందిలే. నీ ఉద్యోగం జాగ్రత్త," అని లేచాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆమె ఒకే అలర్టును తెరిచి మూసి, మళ్ళీ తెరిచింది. అందులో ఏముందో బుర్రకు ఎక్కలేదు.

సాయంత్రం మరదలు ఫోను చేసింది. బ్రేకు తీగ కొనుక్కొస్తానని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఫోను, ఉంగరం, ఇంటి తాళంచెవి బల్ల మీదే పెట్టి వెళ్ళాడు.

"మీకేమైనా చెప్పాడా వదినా?"

లేదంది ఆమె.

దీపాలు పెట్టే వేళకు కొట్టు చేరింది. ఇరుగుపొరుగువాళ్ళు అతన్ని వెతుకుతూ బస్టాండుకు కొందరు, రైలు పట్టాల వైపు కొందరు వెళ్ళారు. మరదలు గడప మీద కూర్చుని వచ్చేపోయే సైకిళ్ళన్నిటినీ చూస్తోంది. అక్క మరదలి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం తమ్ముడు తన దగ్గరకు వచ్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

లోపల బల్బు వెలుగుతూనే ఉంది. దాని కింద చిన్నపిల్లల సైకిలొకటి తలకిందులుగా నిలబెట్టి ఉంది. వెనక చక్రం విప్పి గోడకు ఆనించాడు. ట్యూబుకు అతుకు వేసి, గాలి కూడా కొట్టాడు. చక్రం ఇంకా బిగించలేదు.