నాలుక మీద రంగు

ఊదారంగు పెన్సిలు మొనను నాలుకకు అద్దుకుని, ఆయన వంకాయ నడుము దగ్గర ఇంకో గీత గీశాడు. ఈ నీటిరంగు పెన్సిళ్ళ తీరే అంత. పొడిగా గీస్తే వెలిసిపోయిన గుడ్డలా ఉంటుంది. తడి తగిలిందంటే అప్పుడే కోసుకొచ్చిన కాయలా నిగనిగలాడుతుంది. తడి పెట్టడానికి పక్కనే గ్లాసులో నీళ్ళున్నాయి, కుంచె ఉంది. అయినా ముదురు గీత కావలసినప్పుడల్లా పెన్సిలు తిన్నగా నోటికే వెళుతుంది. తల నెరిసినా వదలని చంటిపిల్లాడి అలవాటు.

విత్తనాల ప్యాకెట్ల మీద బొమ్మలు వేయడం ఆయన పని. గింజ నాటితే కాయ ఎలా కాస్తుందో కొనేవాళ్ళకి ముందే చూపించాలి. అంత నున్నటి కాయ ఏ తోటలోనూ కాయదని ఆయనకీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. అందరూ ఆయన్ని బొమ్మల మాస్టారంటారు. ఆయన ఎవరికీ ఏమీ నేర్పిన పాపాన పోలేదు. కళ్ళజోడు, మాసిన గడ్డం చూసి మాస్టారై ఉంటాడనుకున్నారంతే.

మేడ మీద ఒకటే గది. కిటికీ కింద బల్ల, బల్ల నిండా బ్లేడు గాట్లు. రేకు డబ్బాలో పెన్సిళ్ళు. గోరంత మిగిలినవాటిని కూడా పారేయడు. కాగితం చుట్టి పొడుగు చేసి, వేళ్ళకు అందినన్నాళ్ళూ వాడతాడు.

భార్య ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఇదో ఆట. చేతులు తుడుచుకుంటూ వంటగట్టు దగ్గర నుంచి వచ్చి, "ఏదీ, నాలుక చూపించండి" అనేది. ఆయన బుద్ధిగా నోరు తెరిచేవాడు.

"ఎరుపు. టమాటానా?"

"ముల్లంగి."

"అబ్బ, మళ్ళీ ఓడిపోయాను."

గెలిచిన రోజున ఆ పూటంతా ఆమెను పట్టడం కష్టమే. బొమ్మ ఎలా వచ్చిందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. నాలుక చూస్తే చాలు, ఆయన పగలంతా ఏం చేశాడో ఆమెకు తెలిసిపోయేది. ఆమె పోయాక ఆయన నోట్లోకి తొంగిచూసినవాడు పళ్ళ డాక్టరొక్కడే. అతను బెదిరిపోయి, "ఇదెన్నాళ్ళ నుంచి ఉందండీ?" అన్నాడు. ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకోడానికి ఎవరూ లేకపోయారు.

వంకాయ ఆరాక అట్టల మధ్య పెట్టుకుని బయల్దేరాడు. మెట్ల కింది గదిలో కుట్టుమిషను ఆగింది.

"అన్నయ్యగారూ, ప్రెస్సుకేనా? మొహం అలా పీక్కుపోయిందేం? తిన్నారా?" అంది టైలరమ్మ, పంటితో దారం తెంపుకుంటూ.

"తిన్నానమ్మా." తినలేదు.

"తాళంచెవి నా దగ్గరుంది కదా, కాస్త గది ఊడ్చి పెట్టనా?"

"ఊడిస్తే ఊడువు గానీ, బల్ల జోలికి వెళ్ళకు తల్లీ."

"మీ బల్లని నేనేం కొరుక్కు తింటానా?" అని ఆమె మళ్ళీ మిషను తొక్కింది.

ప్యాకెట్లు అచ్చేసే ఆ ప్రెస్సులో మేనేజరు ఫోను చెవిన పెట్టుకునే వంకాయను అందుకున్నాడు, తలూపాడు. మాస్టారు కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు మేనేజరు ఆయన మొహం కేసి చూసి, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "మూతి, మాస్టారూ. కాస్త తుడుచుకోండి" అన్నాడు. ఆయన సిగ్గుపడి జేబురుమాలు తీశాడు. వీధంతా మూతి తుడుచుకుంటూనే నడిచాడు. ఇంత పెద్ద ఊళ్ళో ఏం వేశావని అడిగే మనిషి ఒక్కరు లేరే అనిపించింది. మెట్లెక్కుతుంటే ఎడమ భుజం లాగింది. చేతిలో బరువు కూడా లేదు, ఎందుకు లాగుతోందో అనుకున్నాడు.

గదిలోకొచ్చి, రోజూ చేసేట్టే, సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆమె వేసిన బొమ్మ ఉంది. జన్మకల్లా ఆమె వేసింది అదొక్కటే. ఆయన చిక్కుడుకాయలు వేసిన రోజున పెన్సిళ్ళు లాక్కుని ఆయన్నే వేసింది. గుమ్మడికాయంత తల, బాణలి పిడుల్లాంటి చెవులు, గళ్ళ చొక్కా, గడ్డం దాకా చాపిన ఆకుపచ్చ నాలుక. "నీళ్ళు మీరే పెట్టండి, నాకు చేతకాదు" అంది. రేపు పెడతానన్నాడు. ఆ మర్నాడే ఆమెకు జ్వరం వచ్చింది, మళ్ళీ లేవలేదు.

తర్వాత చెయ్యి రాలేదు. నీళ్ళు పెడితే గీతలు కరిగిపోతాయి. ఆమె చేతివి ఆ గీతలే కదా. పోనీ, వార్నిష్ చల్లితే రంగుపొడి నిలుస్తుంది గానీ ఇక ఎప్పటికీ నీళ్ళంటవు, ఆమె అడిగిన పని జరగదు. అందుకని అటూ ఇటూ కాకుండా దాచాడు. రోజూ తీసి, కుంచె తడిపి, మళ్ళీ లోపల పెట్టేవాడు.

ఇవాళ బొమ్మ బయటికి తీసి, ఖాళీ కవరును వెలుగుకి పట్టుకున్నాడు. ప్లాస్టిక్ లోపలివైపు ఇంకో మొహం ఉంది. చెవులు, గళ్ళు, నాలుక, అన్నీ తిరగేసినట్టు. పొడి కాస్త కాస్తగా కవరుకి అంటుకుపోయింది. కాగితం మీద మిగిలింది అంతంతమాత్రం. దాచి దాచి తనే చెరిపేశాడు.

ఇక ఆగలేదు. గ్లాసులో కొత్త నీళ్ళు పోసుకుని, ఊపిరి బిగబట్టి, కుంచెను చొక్కా మీద ఆనించాడు. నీలం లేచింది. గళ్ళ మధ్య తేటగా పరుచుకుంది. గీతలు మాత్రం కదల్లేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. గిన్నె అడుగున మాడు తోమినట్టు నొక్కి నొక్కి గీసింది మహాతల్లి! కాగితం మీద చాళ్ళు పడ్డాయి. పొడి రాలినా చాళ్ళలో రంగు కూరుకునే ఉంది. ఎన్ని నీళ్ళు పోసినా అవి చెదిరేవి కావు. జీవితమంతా సుతారంగా గీసినవాడు, ఆ చేతి బరువు లెక్కలోకి తీసుకోనేలేదు.

"ఈ మాత్రానికా ఇన్నాళ్ళూ భయపడి చచ్చాను!" అని పైకే అని, పగలబడి నవ్వాడు.

చెవులకు పెట్టాడు, తలకు పెట్టాడు. నాలుక దగ్గరికొచ్చి ఆగాడు. ఇది ఒక్కడూ కూర్చుని చేసే పని కాదనిపించింది. పొద్దున్నే టైలరమ్మను పైకి పిలవాలి. ఆవిడ కళ్ళ ముందు తడి పెట్టి, ఏం కూరగాయో చెప్పుకోమనాలి. ఆవిడ చెప్పగలిగితేగా, టమాటా అన్నా అనగలదు. ఆ ఊహకే మళ్ళీ నవ్వొచ్చింది. కుంచె కడిగి ఆరబెట్టాడు. కిటికీలో వెలుగు తగ్గుతోంది. భుజం నొప్పి ఛాతీలోకి దిగింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

పొద్దున్న మిషను ముందు కూర్చుని టైలరమ్మ చాలాసేపు మెట్ల చప్పుడు కోసం చూసింది. తర్వాత పైకెళ్ళి తలుపు తట్టింది, తాళంచెవి తెచ్చి తీసింది. "అన్నయ్యగారూ" అని ఒక్కసారే పిలిచింది. రెండోసారి పిలవాల్సిన పని లేదని తెలిసిపోయింది. ఆయన పెదవుల మీద ఊదారంగు కనబడితే, నలుగురూ వచ్చేలోపు తడిగుడ్డతో తుడిచింది. ఎంత తుడిచినా నాలుక మీది రంగు పోలేదు. అదేమిటో ఆవిడకు అర్థం కాలేదు, ఏడుస్తూనే తుడిచింది.

ఆయన్ని కిందికి దించాక గదంతా ఊడ్చింది. ఆయన మాట ప్రకారం బల్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. బల్ల మీద, ఆరిన కుంచె పక్కన, బాణలి చెవుల బొమ్మ ఇంకా నీళ్ళు తగలని ఆకుపచ్చ నాలుక చాపుకుని ఉంది.