మొదటి చుట్టులో సొట్ట

నేను ఒక గేజిని. చూడ్డానికి దళసరి ఇనుప కంకణంలా ఉంటాను, లోపలంతా మరచుట్లు. లేతు మిషను మీద కోసిన మరచుట్టు, అదే థ్రెడ్, సరిగ్గా వచ్చిందో లేదో తేల్చడం నా పని. చేత్తో తిప్పితే సాఫీగా ఎక్కానా, కోత చాలినట్టు. ఎక్కలేదా, ఇంకొంచెం లోతు కొయ్యాలన్నట్టు. నాకు ఒక తమ్ముడున్నాడు, వాణ్ణి నో-గో అంటారు. వాడు ఎక్కకూడదు, ఎక్కాడంటే లోతు మించిపోయిందన్నమాట. ఇంత పెద్ద తీర్పరి ఉద్యోగం చేసినవాణ్ణి గదా, కాలు మీద కాలేసుకుని గొప్పలు చెప్తాననుకుంటున్నారేమో. అంత ముఖం నాకు లేదు.

పుట్టింది పూనాలో. గట్టి ఉక్కును కాల్చి, చల్లార్చి, సానబట్టి, వెంట్రుకలో పదోవంతు తేడా కూడా లేకుండా తీర్చిదిద్దారు. సర్టిఫికెట్ ఇచ్చి, చెక్కపెట్టెలో తమ్ముడి పక్కన పడుకోబెట్టి హైదరాబాదు బాలానగర్‌కు పంపారు. మనుషులకు ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం లేక మమ్మల్ని చేయించుకుంటారు. చేయించుకున్నాక మాత్రం కళ్ళు మూసుకుని నమ్ముతారు. అదేం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను కొన్న వర్క్‌షాపులో క్రేన్ హుక్కుల కాడలకు థ్రెడ్ కోసేవాళ్ళు. ఆ థ్రెడ్ మీదే నట్టు బిగుస్తుంది, ఆ నట్టు మీదే బరువంతా వేలాడుతుంది. ఓనరు దామోదర్ రావు. మిషన్లను పనికి సరిచేసి పెట్టే సెట్టరు బాలకిషన్, ముప్పై ఏళ్ళ అనుభవం, అందరికీ కిషన్ సార్. అంకెలు కొడితే తనంతట తాను కోసే సీఎన్‌సీ లేతు మీద నవనీత. ఐటీఐ చదివి వచ్చిన పిల్ల, ఆ షాపులో ఆ లేతును ఒంటరిగా నడిపిన మొదటి ఆడమనిషి. నేర్పింది కిషన్ సారే. "థ్రెడ్‌కు తొందర పనికిరాదమ్మా. మొదటి కోత లావు, పోను పోను సన్నం. ఆఖరుకు టూలు ఊరికే తుడిచినట్టు పోవాలె," అని పక్కన నిలబడి చెప్పేవాడు. మా హుక్కుకు మొత్తం లోతు ఒకటి పాయింట్ ఎనిమిది నాలుగు మిల్లీమీటర్లు. నవనీత ఆ అంకె కొడితే పన్నెండు కోతల్లో థ్రెడ్ తయారయ్యేది, నేను నున్నగా ఎక్కేవాణ్ణి. ఆమెను సెట్టరుగా చెయ్యాలని ఓనరు అప్పటికే అనుకుంటున్నాడు.

ఆ సోమవారం పొద్దున కిషన్ సార్ ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని నడుస్తున్నాడు. నేను జారి సిమెంటు నేల మీద పడ్డాను. నా మొదటి చుట్టులో సొట్ట పడి, అంచు కొంచెం లోపలికి పొడుచుకొచ్చింది. గేజి కింద పడితే రిజిస్టర్లో రాసి, పరీక్షకు పంపేదాకా వాడకూడదని ఆ షాపులో నియమం. ఆ నియమం పెట్టింది కూడా కిషన్ సారే. ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. రెండు రోజుల్లో ఎనభై హుక్కులు పంపాలి. నన్ను గుడ్డతో తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టాడు.

నవనీత మామూలుగా ఒకటి పాయింట్ ఎనిమిది నాలుగు కొట్టింది. థ్రెడ్ చక్కగా వచ్చింది. నన్ను పెట్టి తిప్పితే అర చుట్టు దగ్గర పట్టేశాను. ఆమె మిల్లీమీటరులో ఇంకో రెండు నూరోవంతులు లోతు పెంచింది. ఎక్కలేదు. ఇంకో అయిదు. అప్పుడూ లేదు. ఇలాంటప్పుడు తప్పు పట్టాల్సింది తమ్ముడు. వాడేమో పక్క షాపుకు అరువు పోయాడు, ఇచ్చింది మళ్ళీ కిషన్ సారే. ఆ పిల్ల ఊరుకోలేదు, ఒక నట్టు తెచ్చి పెట్టి చూసింది. నట్టు గలగలా కదిలింది.

"సార్, నట్టు లూజు అయితుంది. గేజి మాత్రం ఎక్కుతలేదు. గేజి మీదనే నాకు అనుమానం," అంది.

కిషన్ సార్ నన్ను చూళ్ళేదు. "నట్టు బజారుది, గేజి పూనాది. గేజి ఎక్కేదాక ఇయ్యి," అన్నాడు.

ఒకటి పాయింట్ తొమ్మిది తొమ్మిది దగ్గర బిగుతుగా ఎక్కాను. గురువు మాట కాదనలేక ఆమె ఆ అంకెను రిజిస్టర్లో రాసి, కింద సంతకం పెట్టింది. ఎనభై హుక్కులూ అలాగే కోసింది.

వారం తిరక్కుండా ఎనభయ్యీ వెనక్కొచ్చాయి. నట్లు ఊగుతున్నాయని బిగించే వాళ్ళే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏ మనిషి నెత్తిన ఏం పడేదో. దామోదర్ రావు రిజిస్టరు తెరిచాడు. నవనీత గేజి సంగతి చెప్పింది. ఆయన నన్ను తెచ్చి ఒక హుక్కు మీద తిప్పాడు. నేను ఎక్కాను.

"బాగనే ఎక్కుతుంది గదా?" అన్నాడు.

అంత సన్నబడ్డ థ్రెడ్ మీద నేను ఎక్కడం ఏమంత గొప్ప? కోపంలో ఆయనకు తట్టలేదు. తట్టిన కిషన్ సార్ నోరు విప్పలేదు. నవనీత ఆయన వైపు చూసింది, ఆయన నేల చూపులు చూశాడు. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ చచ్చేంత సిగ్గేస్తుంది. ఒక మనిషి నిజం చెప్తుంటే, ఆమెకు ఎదురుగా సాక్ష్యం చెప్పింది నేను.

ఆమెను లేతు మీంచి తీసేసి, ఆకురాయితో అంచులు నునుపు చేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎనభై హుక్కుల నవనీత అని పేరు పెట్టారు. కిషన్ సార్ "పాతది అరిగింది" అని చెప్పి కొత్త జత తెప్పించి, నన్ను సొరుగులో పడేశాడు. నాకైతే నోరు లేదు. ఆయనకు ఉంది. తొమ్మిది నెలలు ఇద్దరం ఒక్కలాగే ఉన్నాం.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. జ్ఞాపికగా ఏమివ్వాలని ఆలోచించి ఆలోచించి, ఆయన చేతిలో అరిగిన గేజి గదా అని ఓనరు నన్నే ఎంచుకున్నాడు! చెక్క పీట, దానికి ఇత్తడి పలక, పలక మీద 'ముప్పై ఏళ్ళ నిజాయితీకి' అని. మెరుగు పెట్టమని నన్ను నవనీత బల్ల మీదికి పంపారు. తుడుస్తుంటే ఆమె బొటనవేలు సొట్ట మీద ఆగింది. లేచి వెళ్ళి ఒక మంచి హుక్కు తెచ్చి నన్ను తిప్పి చూసింది. అర చుట్టు దగ్గర పట్టేశాను. ఆకురాయి ఆమె చేతిలోనే ఉంది, రెండు నిమిషాల్లో ఆ సొట్ట ఆనవాలు లేకుండా చెయ్యగలదు. ముట్టుకోలేదు.

వీడ్కోలు సభలో నన్ను అందించింది ఆమే. "అంత నున్నగ చేసిన సార్. మొదటి చుట్టుల సొట్ట మాత్రం ఉంచిన. మీకు ఎరుకే గదా," అంది మెల్లగా.

ఆయన నాలుగు ముక్కలు మాట్లాడమంటే గొంతు బాగా లేదని కూర్చున్నాడు. సమోసా ప్లేటులో అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి ఆయన నన్ను పీట మీంచి ఊడదీసి చేతిగుడ్డలో కట్టుకుని, పీటను చంకలో పెట్టుకుని మళ్ళీ షాపుకొచ్చాడు. ఓనరు ముందు మంచి హుక్కు మీద నన్ను పెట్టి తిప్పాడు. నేను ఆగిపోయాను.

"ఎక్కుతలేదు సూడండి సార్. ఆ సోమవారం దీన్ని కింద పడేసింది నేను. ఆ పిల్ల చెప్పింది, నేనే ఇనలే," అన్నాడు.

దామోదర్ రావు నవనీతను పిలిపించి, "రేపటి సంది లేతు మీదికి పో," అన్నాడు.

"ఇయ్యాల్నే పోత సార్. ముందుగాల్ల ఆ పాత రిజిస్టరు ఇప్పియ్యండి," అంది.

తన సంతకం ఉన్న పేజీ తీసి, పెన్ను కిషన్ సార్ చేతికిచ్చింది. ఆయన 'గేజి కింద పడింది, నా చేతిలోంచి' అని రాసి, తొమ్మిది నెలల కిందటి తారీఖు వేసి, సంతకం చేశాడు. ఆమె చదివి, రిజిస్టరు మూసి, లేతు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

జ్ఞాపికను ఆయన మళ్ళీ ఇంటికి తీసుకుపోలేదు. ఇప్పుడు నేను లేతు పక్కన మేకుకు వేలాడుతున్నాను, ఎవరూ పొరపాటున వాడకుండా ఒంటికి ఎర్ర రంగు. పీట పక్కనే ఉంది, దాని ఇత్తడి పలకను నవనీత గోడ వైపుకు తిప్పి పెట్టింది. రోజూ పొద్దున ఒకటి పాయింట్ ఎనిమిది నాలుగు కొడుతుంది, పన్నెండు కోతలు అవుతాయి, కొత్త గేజి సాఫీగా ఎక్కుతుంది. అయినా ఆమె పక్కనున్న నట్టు తీసుకుని ఒకసారి తిప్పి చూసుకుంటుంది. గేజిని ఆమె ఇక నమ్మదు. అది నా పుణ్యమే.