జోసెఫిన్ ఎక్కిళ్ళు

యానాంలో ఆ వీధివాళ్ళకి పొద్దున్నే చేపల బుట్ట రావడం ఎంత మామూలో, జోసెఫిన్ ఎక్కిళ్ళూ అంతే మామూలు. ఎవరో తలుచుకుంటే ఎక్కిళ్ళు అందరికీ వస్తాయి. ఈవిడకి మాత్రం ఎక్కడెవరు తన పేరెత్తి ఏమన్నా, ఆ మాట ఎక్కిలితోపాటు నోట్లోంచి ఊడిపడుతుంది. కనకాలపేటలో ఆడపడుచు "జోసెఫిన్ పులుసు ఉప్పు కషాయం" అంటే, ఇక్కడ అరుగు మీద చేపలు తోముకుంటూ ఈవిడే ఆ మాట కక్కేది. "ఉన్నమాటేగా వదినా!" అని పక్కింటి మంగతాయారు పడీపడీ నవ్వేది.

అలాంటిది వారం నుంచి జోసెఫిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తిరుగుతోంది.

జరిగింది చెప్పుకుంటే సిగ్గుచేటు. ఫ్రెంచి సైన్యంలో చేసినవాళ్ళ మనవలకి పింఛనిస్తారని ఫోనుకి కబురొచ్చింది. ఆవిడ తాత సిపాయి మరి! ఆ గొప్ప ఊరికే పోతుందా? ఆధార్ ఫొటో పంపింది, మొహం ఫొటో పంపింది, అడగ్గానే ఓటీపీ కూడా చదివి వినిపించింది. మర్నాటికి ఆవిడ వాట్సాప్ ఆవిడది కాదు. పోయిన నెలే మంగతాయారుకి "ఓటీపీ కన్నతల్లికైనా చెప్పకూడదే పిచ్చిదానా" అని క్లాసు పీకింది తనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఫోను నీళ్ళలో పడిందని అబద్ధమాడి, ఆవిడ పేరుతో వాడు అనే మాటలు ఎక్కిలితో బయటపడకుండా నోరు కప్పుకుని, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ఆవేళ మంగతాయారు ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. "ఫోను బాగైందా వదినా? పింఛనుకి నా పేరు కూడా రాయించానని మెసేజి పెట్టావుగా! మా తాతా ఫ్రెంచి కొలువువాడేనని గుర్తుంచుకున్నావు, నీది బంగారంలాంటి మనసు. ఇదిగో, నంబరొచ్చింది, పంపేస్తున్నా."

జోసెఫిన్ గొంతులో ఎక్కిలి లేచింది. ఊపిరి బిగబడితే అణిగిపోతుంది, పరువూ దక్కుతుంది. మంగతాయారు వేలు ఫోను మీదికి వెళ్ళింది.

జోసెఫిన్ కొంగు తీసేసింది.

"ఎక్! నేను జోసెఫిన్ని మంగా, నంబరు తొందరగా పంపు!"

అదే మాట మంగతాయారు ఫోనులో పడింది. ఆవిడ వేలు ఆగిపోయింది.

"అది నేను కాదే. వాడెవడో. నా చేతులారా నేనే అన్నీ ఇచ్చుకున్నాను" అని జోసెఫిన్ బావురుమంది.

మంగతాయారు ఒక్క ఎత్తిపొడుపు మాటా అనలేదు. జోసెఫిన్‌కి అదే ఎక్కువ గుచ్చుకుంది. అలవాటుకొద్దీ మంచినీళ్ళ చెంబు అందుకోబోతే మంగతాయారు లాగేసుకుంది. "తాగకు, ఎక్కిళ్ళు ఆగిపోతాయి. వాడింకా ఎవరెవర్ని అడుగుతున్నాడో వినాలి."

వీధంతా పోగైంది. జోసెఫిన్ తలెత్తలేక నేలకేసి చూస్తూ కూర్చుంది. "ఎక్! జేవియర్ అన్నయ్యా, నేను జోసెఫిన్ని..."

మంగతాయారు అప్పటికే పక్కవీధి జేవియర్‌కి ఫోను కలిపేసింది. "జేవియర్ గారూ, ఏమీ పంపకండి! అది మా వదిన కాదు. మా వదిన ఇదిగో, నా పక్కనే ఉంది."