మచ్చ కట్టే పని

"నడుం ముక్క నీదేనే ప్రసన్నా, చెయ్యి పెట్టు," అంటూ ఇందిరాదేవి కోడలి కంచంలో పండుగప్ప చేప ముక్క వేసింది. అవనిగడ్డలో ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటినుంచీ ప్రసన్నలక్ష్మికి తెలిసినవి తోక ముక్కలే. అందరూ తిన్నాక మిగిలేవి అవే మరి. ఇవాళ అత్తగారే కూర్చోబెట్టి వడ్డిస్తోంది. పక్కన రెండు ఉడకబెట్టిన గుడ్లు కూడా.

"దాని ఒంట్లో ప్రోటీనంతా పోతోందంటమ్మా, బాగా పెట్టాలి," అని చెప్పాడు పున్నారావు ఇందాక, బందరు ఆసుపత్రి నుంచి భార్యతో తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే. డాక్టరు శ్రీజ గారు మాట్లాడుతున్నంతసేపూ గుమ్మం దగ్గర ఫోన్లో రొయ్యల బేరంలో ఉన్నాడు. చెవిన పడ్డ ఆ ఒక్క మాటే ఇంటికి పట్టుకొచ్చాడు.

మిగతాదంతా ప్రసన్న విన్నది. కిడ్నీకి దెబ్బ తగిలితే మన ఒంట్లోనే పుట్టే ప్రోటీన్లు కొన్ని వచ్చి, మచ్చ కట్టి గాయం మూస్తాయట. ఇక చాలించమని వాటికి చెప్పే ప్రోటీన్లూ ఉంటాయట. రోజూ దెబ్బ తగులుతుంటే ఆ చాలించమనే గొంతు సన్నబడుతుంది, మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మచ్చ కట్టినచోట వడపోత ఉండదు. "నొప్పి మాత్రలు ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నారండీ?" అని అడిగారు డాక్టరు. ఎన్నేళ్లని చెప్పాలి? మోపిదేవి గుడికి మొక్కులకు వచ్చే చుట్టాలందరికీ తమ ఇంట్లోనే భోజనం, అది మావగారి నాటి నుంచి వస్తున్న పరువు. నడుం నొప్పికి పొయ్యి వెలిగించే ముందు ఒక మాత్ర, గిన్నెలు తోమాక ఇంకొకటి. మాత్రల షీటు తెచ్చిపెట్టేది పున్నారావే. "వేసుకుని లేవవే, వాళ్లు వచ్చేస్తున్నారు," అనేవాడు, ప్రేమగానే. పోయింది తిరిగి రాదు, మాత్రలు ఆపితే మిగిలింది కాపాడుకోవచ్చు అన్నారు డాక్టరు.

చాలించమని చెప్పడం ఒంటికి చేతకాకపోతే నోటికైనా రావాలి అనుకుంది ప్రసన్న. ఇంకా ముట్టుకోని ముక్కని తీసి భర్త కంచంలో పెట్టింది.

"ప్రోటీను ఎక్కువైనా నాకు చెరుపేనండీ. నేను మానాల్సింది మాత్రలు."

"మానెయ్. ఎవరొద్దన్నారు?"

"మానేస్తే పొయ్యి దగ్గర నిలబడలేను. ఆదివారం సుమతి వదినా వాళ్ల మనవడి పుట్టెంట్రుకలకి వంట నావల్ల కాదు."

అన్నం కలుపుతున్న పున్నారావు చెయ్యి ఆగింది. "గుడివాడ నుంచి బస్సు మాట్లాడుకుని వస్తున్నారే! ఈ ఒక్కసారికీ వేసేసుకో."

"మా నడుములు నొయ్యలేదా? మేం ఏ డాక్టరుకి చెప్పుకున్నాం?" అంది ఇందిరాదేవి.

"చెప్పుకోవాల్సింది అత్తయ్యా," అంది ప్రసన్న మెత్తగా.

ఇందిరాదేవి తన మోకాలు ఒత్తుకుంది.

ప్రసన్న ఎడమచేత్తో ఫోన్ తీసి ఆడపడుచు సుమతికి కలిపింది.

"వదినా, ఆదివారం నేను వండట్లేదు. గుడి దగ్గరే భోజనాలు చెప్పుకోండి... అబ్బే, కోపమేం లేదు. ఒంట్లో బాగాలేదు, వచ్చాక చెప్తాను... ఆ, రాకుండా ఎలా ఉంటాను? పంక్తిలో మీ పక్కనే నాకూ ఒక ఆకు వేయించండి."