సన్యాసిరావు ఎడమ కాలు

నేను ఒక ఎడమ కాలిని. అదీ మోకాలి కిందనుంచే. సైనికుల కోసం కాళ్లు చేసే కర్మశాలలో పుట్టాను. రబ్బరు పాదం, ప్లాస్టిక్ పిక్క, పైన తోలు పట్టీ. నన్ను చేసినాయన అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇది తొడుక్కుంటే కాలు లేదని ఎవరూ కనిపెట్టలేరు" అని మురిసిపోయాడు. ఆ మురిపెమే మా కొంప ముంచింది.

నా యజమాని లెంక సన్యాసిరావు. సరిహద్దులో మందుపాతరకు సొంత కాలిచ్చి, బదులు నన్ను తెచ్చుకున్నాడు. కేంద్రం పింఛను ఇస్తోంది. రాష్ట్రం ఇంటిస్థలం ఇస్తానంది. బావగారి పంచలో కాపురముంటున్న అతని భార్య తవిటమ్మకు ఆ స్థలం మీదే ప్రాణం. తీరా ఆఫీసుకు వెళ్తే, సైన్యం డాక్టర్లు రాసిన కాగితం ఇక్కడ చెల్లదన్నారు.

"అది సెంట్రల్ వాళ్లదమ్మా. మన వికలాంగుల క్యాంపులో మళ్లీ చూపించుకోవాలి" అన్నాడు గుమస్తా.

"అక్కడ పోయిన కాలు ఇక్కడికొచ్చాక మొలిసిందేటి బాబూ?" అంది తవిటమ్మ.

క్యాంపులో డాక్టరు తలెత్తకుండానే, "నడవగలవా?" అన్నాడు. అధికారి గొంతు వింటే చాలు, మావాడికి ఛాతీ దానంతటదే ముందుకొస్తుంది. నన్ను టక్కున నేలకు కొట్టి, "నడుస్తాను సార్!" అని గదిలో ఆ కొసనుంచి ఈ కొసకు కవాతు చేశాడు. మెట్లెక్కుతావా అంటే దానికీ సిద్ధమే. డాక్టరు వేసిన వైకల్య శాతం స్థలానికి చాలలేదు.

బయటకొచ్చాక తవిటమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకేటి మతుందా మావా? నిన్ను పరేడ్ సెయ్యమన్నారేటి?"

"ఆఫీసరు ముందర నొప్పని ఎలా సెప్తానే? సిగ్గు కాదా?"

"మీ అన్న పంచలో పడుండటం సిగ్గు కాదేటి?"

సాయంత్రం నన్ను విప్పినప్పుడల్లా ఆ మోకాలి మోడు ఎలా ఒరుసుకుపోయి ఉంటుందో నాకు తెలుసు. పళ్లు బిగించి గోడవైపు తిరుగుతాడు. చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నవాడేమో చెప్పడు!

మరుసటి క్యాంపులో డాక్టరు, "నొప్పేమైనా ఉందా?" అన్నాడు. మావాడు నోరు తెరిచేలోపే తవిటమ్మ వంగి పట్టీ విప్పి, నన్ను ఊడలాగి, తీసుకెళ్లి డాక్టరు బల్లమీద పెట్టింది. నాలోని గుడ్డకు నెత్తురు అంటి ఉంది. డాక్టరు తలెత్తాడు. ఒంటికాలిమీద బల్ల పట్టుకుని, అప్పటికీ నిటారుగానే నిలబడ్డ మనిషిని చాలాసేపు చూశాడు. తర్వాత, "కూర్చోండి" అన్నాడు.

స్థలం వచ్చింది. ఊరికి దూరంగా, రాళ్ల దిబ్బమీద. వద్దన్నా వినకుండా పునాదికి మావాడు తనూ రాళ్లు మోశాడు. ఆ బరువుకు నా పాదం నిలువునా చీలింది. సన్యాసిరావు కూలబడి నన్ను విప్పాడు. చుట్టూ ఎవరూ లేరు, తవిటమ్మ తప్ప.

"నొప్పెడతందే" అన్నాడు.

తవిటమ్మ చేతిలో రాయి దించేసింది. వచ్చి అతని పక్కన కూర్చుని, ఆ మోడును తన ఒడిలో పెట్టుకుంది. నేను చీలిన పాదంతో వాళ్ల పునాదిలో పడి ఉన్నాను.